ముందు ఆ ట్యూబ్ పక్కన పెట్టు, సీరమ్‌ల సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: అక్కా, నాకు 23. మాది నరసరావుపేట, ఎనిమిది నెలల నుంచి హైదరాబాద్‌లో జాబ్, కూకట్‌పల్లిలో లేడీస్ హాస్టల్లో ఉంటున్నా. ఇన్నేళ్లూ ఒంటికీ మొహానికీ ఒకటే సబ్బు, పైన కాస్త పౌడర్, అంతే. ఇక్కడికొచ్చాక మొహమంతా జిడ్డు, నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు, బుగ్గల మీద మొటిమలు, తగ్గినవేమో నల్ల మచ్చలు పెట్టి పోతున్నాయి. స్కిన్‌కేర్ మొదలుపెడదామని రీల్స్ చూసి టోనర్, విటమిన్ సి సీరమ్, నియాసినమైడ్, ఎర్రగా ఉండే పీలింగ్ సొల్యూషన్ అన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టా, 2,600 అయింది. నాలుగు రోజులకే మొహం మంట. అమ్మేమో అవన్నీ పారేసి శనగపిండి పసుపు రాసుకోమంటోంది. అసలు ఏది ముందు, ఏది తర్వాత, నెలకి ఎంత పెట్టాలి? రెండు నెలల్లో మా బాబాయ్ కూతురి పెళ్లి, అప్పటికి కొంచెం తెల్లబడతానా? ఇంకోటి, మంట తగ్గడానికి మా రూమ్మేట్ తన దగ్గరున్న ట్యూబ్ ఇచ్చింది, రాస్తే రెండు రోజుల్లో మొహం అద్దంలా అయింది, ఆపితే మళ్లీ వస్తున్నాయి, మూడు వారాల నుంచి అదే రాస్తున్నా.
ఇట్లు, జిడ్డు మొహం

సమాధానం: అమ్మాయ్, నేను డాక్టర్ని కాదు, పన్నెండేళ్లు మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడ్డ ఫార్మసిస్ట్‌ని. ఆ పన్నెండేళ్లలో నేర్చుకున్నది ఒకటుంది, మనుషులు అసలు విషయం ఎప్పుడూ చివర్లోనే చెప్తారు. జండూబామ్ ఇవ్వమంటారు, దగ్గు మందు ఇవ్వమంటారు, డబ్బులిచ్చి చిల్లర కూడా తీసుకుని రెండడుగులు వెనక్కి వేశాక "అన్నట్టు అమ్మా, ఇంకోటి" అంటారు. నీ ఉత్తరంలో కూడా టోనర్లూ సీరమ్‌లూ శనగపిండీ అన్నీ అయ్యాక వచ్చిన ఆ "ఇంకోటి" దగ్గరే నాకు గుండె గుభేల్‌మంది. అందుకే అక్కడినుంచే మొదలుపెడతా, నువ్వడిగిన లిస్టు కొంచెం ఆగాక.

రెండు రోజుల్లో మొహం అద్దంలా చేసి, ఆపగానే మళ్లీ మొదటికి తెచ్చే ట్యూబ్ అంటే నూటికి తొంభై పాళ్లు అది స్టెరాయిడ్ క్రీమే అని నా అనుమానం. ట్యూబ్ తిప్పి వెనక చిన్న అక్షరాలు చదువు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినలోన్, వీటిల్లో ఏ పేరున్నా అది స్టెరాయిడే. పక్కన నిలువుగా ఎర్ర గీత, షెడ్యూల్ హెచ్ అని హెచ్చరిక కూడా ఉండొచ్చు. ఇవి చెడ్డ మందులని కాదు, చర్మం దురద పెట్టి ఎర్రబడే ఎగ్జిమాకీ, పొలుసులు రేగే సోరియాసిస్‌కీ డాక్టర్ చెప్పినన్ని రోజులు చెప్పిన చోట రాస్తే చాలా బాగా పనిచేస్తాయి. కానీ మొహం మీద, మొటిమలకి, రూమ్మేట్ చీటీ మీద కాదు. అది చేసేదేంటంటే రక్తనాళాల్ని ముడుచుకునేలా చేసి వాపునీ ఎరుపునీ అణిచేస్తుంది, అందుకే మొహం తేటగా తెల్లగా నున్నగా కనపడుతుంది, మొటిమకి అసలు కారణం మాత్రం లోపల అలాగే ఉంటుంది. వాడే కొద్దీ చర్మం పల్చబడుతుంది, బుగ్గల మీద సన్నగా ఎర్ర నరాలు తేలతాయి, కొందరికి మొహం మీద వెంట్రుకలు కూడా వస్తాయి, ఎండలోకి వెళ్తే మంట, ఆపితే ముందుకంటే ఎక్కువగా మొటిమలు. ఆ మొటిమలు చూసి భయపడి మళ్లీ రాస్తారు, అక్కడ దొరికిపోతారు.

ఒకామె వచ్చేది మా షాపుకి, నలభై ఉంటాయేమో, ప్రతి పదిహేను రోజులకోసారి. టూత్‌పేస్ట్ ట్యూబ్ అయిపోయేటప్పుడు కింద నుంచి చుట్టుకుంటూ వస్తాం చూడు, అట్లా మూత దాకా చుట్టేసిన ట్యూబ్ కౌంటర్ మీద పెట్టి "ఇదే ఇవ్వమ్మా" అనేది. చీటీ అడిగితే ఎప్పుడో ఏళ్ల కింద డాక్టర్ రాసిన కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి ప్లాస్టర్ అంటించింది, అది చూపించేది. మంగుమచ్చలకని కొన్ని వారాల కోసం రాసిన క్రీమ్ ఆమె పౌడర్ రాసుకున్నట్టు రోజూ రాసుకుంటోంది. నేనివ్వనన్నా, పక్క వీధిలో తెచ్చుకునేది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు 14 రకాల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా ఎలా దొరుకుతాయో మీ రూమ్మేట్‌నే అడుగు.

నీది మూడు వారాలే కాబట్టి కంగారు పడకు, కానీ ఈ వారంలోనే ట్యూబ్ చేతిలో పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లు. నీలాగా వారాలు వాడినవాళ్లని మామూలుగా ఆపేయమంటారు, నెలలూ ఏళ్లూ వాడినవాళ్లకైతే మెల్లగా తగ్గిస్తూ వేరే మందులిస్తారు, అది ఆయన చూసి తేలుస్తారు. ఆపాక రెండు మూడు వారాలు మొహం అల్లరి చేస్తుంది, ఎర్రబడుతుంది, పొక్కులొస్తాయి, అప్పుడు మళ్లీ ఆ ట్యూబ్ కోసం చెయ్యి చాచకు. ప్రైవేట్‌లో ఫీజు ఎక్కువనిపిస్తే గాంధీలోనో ఉస్మానియాలోనో ఓపీ ఉంటుంది, అక్కడ డిపార్ట్‌మెంట్ పేరు డీవీఎల్ అని ఉంటుంది, చర్మవ్యాధులతో పాటు సుఖవ్యాధులు, కుష్టు అని బోర్డు మీద రాసుంటే అది చూసి సిగ్గుపడి వెనక్కి వచ్చేసిన ఆడపిల్లలు నాకు తెలుసు. నువ్వు సిగ్గుపడకు, లోపల లైన్లో సగం మంది మొటిమల వాళ్లే ఉంటారు.

సరే, ఇప్పుడు నీ 2,600 సంగతి. ఏదీ పారేయొద్దు, కానీ అన్నీ మూత పెట్టి లోపల పెట్టెయ్. ఆ ఎర్ర సొల్యూషన్ మాత్రం అసలు మర్చిపో, అలాంటి వాటిల్లో చర్మం పైపొరని ఊడగొట్టే ఏహెచ్‌ఏ యాసిడ్‌లు 30 శాతం దాకా ఉంటాయి, పది నిమిషాలు మించి ఉంచొద్దనీ కొత్తవాళ్లు వాడొద్దనీ దాని మీదే రాసుంటుంది, రీల్‌లో మాత్రం రక్తం పూసుకున్నట్టు మొహానికి పూసుకుని పాట పెడతారు, జాగ్రత్తలు చెప్తే వ్యూస్ రావు కదా. పల్చబడ్డ చర్మం మీద అది రాస్తే మంట కాదు, కాలుతుంది, మనలాంటి చామనఛాయ చర్మం కాలితే నెలల తరబడి నల్ల మచ్చ ఉండిపోతుంది. నీ మొహానికి ఇప్పుడు బాగుచేసేవి అక్కర్లేదు, పాడుచేసేవి ఆగితే చాలు, సగం అదే తేరుకుంటుంది.

కాబట్టి డాక్టర్ వేరేగా చెప్తే తప్ప వచ్చే నెలన్నర నీ రొటీన్ మూడే వస్తువులు. మొహం కడుక్కునేది ఒకటి, మాయిశ్చరైజర్ ఒకటి, పగలు సన్‌స్క్రీన్ ఒకటి. మూడూ కలిపి మామూలు కంపెనీవైతే వెయ్యి రూపాయల లోపు వచ్చేస్తాయి, అవి నెలన్నరకి దగ్గరగా వస్తాయి. ఇంకా ఖరీదైనవి కొంటే సీసా బాగుంటుంది.

సబ్బు ఎందుకొద్దంటున్నానో చెప్తా. మన చర్మం పైపొర కొంచెం ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర, మామూలు ఒంటి సబ్బు 9, 10 దాకా ఉంటుంది. కడుక్కున్నాక మొహం బిర్రుగా లాగినట్టు ఉంటుంది చూడు, దాన్నే మనం శుభ్రం అనుకుంటాం, అది శుభ్రం కాదు, చర్మం తనకోసం దాచుకున్న నూనె కూడా ఊడ్చేశావని. పైగా మీ హాస్టల్లో బోరు నీళ్లే వస్తుంటాయి, బకెట్ అంచుకి తెల్లగా పెచ్చు కట్టి ఉంటే అదే ఉప్పు నీళ్ల గుర్తు. ఆ నీళ్లలో సబ్బు సరిగ్గా నురగ రాదు, తెట్టులా కట్టి చర్మానికే అంటుకుంటుంది, ఫేస్‌వాష్‌కి ఆ బాధ తక్కువ. అందుకని జెల్ లాంటి సాదా ఫేస్‌వాష్, పూసలూ గరుకు రవ్వలూ లేనిది, శనగగింజంత తీసుకుని పొద్దున ఒకసారి, ఆఫీస్ నుంచి వచ్చాక ఒకసారి, వేళ్లతో మాత్రమే, అర నిమిషం. జిడ్డుగా ఉందని రోజుకి ఐదుసార్లు కడుక్కునేవాళ్లున్నారు, మధ్యాహ్నం మరీ అసహనంగా ఉంటే ఉత్త నీళ్లు చల్లుకో, లేదా టిష్యూతో అద్దుకో చాలు. చివర్లో ఒక మగ్గు ఫిల్టర్ నీళ్లు దొరికితే మంచిదే, దొరక్కపోతే కొంపలేం మునగవు.

మాయిశ్చరైజర్ అనగానే నాది జిడ్డు మొహం కదా నాకెందుకు అంటావ్. అందరూ అదే అంటారు. జిడ్డు వేరు తేమ వేరు, జిడ్డు చర్మానికి కూడా తేమ ఆరిపోతుంది, నువ్వు నాలుగు రోజులు యాసిడ్‌లు పూసి, మూడు వారాలు స్టెరాయిడ్ రాశావ్, నీకు ఇది మందుతో సమానం. తేలికగా ఉండే జెల్ రకం, వాసన లేనిది, గ్లిజరిన్, సెరమైడ్ లాంటి పేర్లు వెనక ఉంటే చాలు. మొహం తుడుచుకోవడం అంటే టవల్‌తో రుద్దడం కాదు, అద్దుకుని కాస్త తడిగా ఉండగానే రాసుకో, రెండు పూటలా. ఆ టవల్ కూడా నీది నీకుండాలి, హాస్టల్లో ఒకే టవల్ ముగ్గురు వాడితే ఇంకెన్ని రొటీన్‌లు చేసినా దండగే.

ఇంక సన్‌స్క్రీన్. దీని మీద నేను కొంచెం ఎక్కువ మాట్లాడతా, ఓపిక పట్టు. నల్ల మచ్చలకి సీరమ్ వెతుకుతారు, ఎండకి మాత్రం మొహం అలా చూపిస్తారు, ఒక చేత్తో తుడుస్తూ ఇంకో చేత్తో పూసినట్టు. మొటిమ తగ్గిన చోట వచ్చే మచ్చ ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది, నెలల్లో పోయేది ఏడాది కూర్చుంటుంది. ఎస్‌పీఎఫ్ 30 గానీ 50 గానీ తీసుకో, తేడా పెద్దగా లేదు, ఎండలో చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాల్ని 30 సుమారు 97 శాతం ఆపితే 50 ఇంకో శాతం ఎక్కువ ఆపుతుంది. ఎస్‌పీఎఫ్ చెప్పేది ఆ యూవీబీ గురించే, మచ్చల్ని ముదర్చడంలో పెద్ద చెయ్యి ఉన్న ఇంకో రకం కిరణాలు, యూవీఏకి పీఏ అని పక్కన ప్లస్సులుంటాయి, మూడో నాలుగో ప్లస్సులుండేది చూడు. ఈ యూవీఏ మబ్బులోంచి వస్తుంది, గాజులోంచి కూడా వస్తుంది, ఏసీ బస్సులో కిటికీ సీటు దొరికిందని సంబరపడతాం గానీ రోజూ గంట సేపు ఆ ఒక్క బుగ్గ ఎండ తింటూనే ఉంటుంది.

ఎంత రాసుకోవాలంటే, చూపుడువేలూ మధ్యవేలూ పక్కపక్కన పెట్టి మొదలు నుంచి కొస దాకా రెండు గీతలు, అది మొహానికీ మెడకీ. ఇంత తెల్లగానా అని భయపడి బఠాణీ గింజంత రాస్తారు, డబ్బా మీద రాసున్న 50 మొహం మీద పదికి దిగిపోతుంది. నేను చెప్పే లెక్క సింపుల్, 50 గ్రాముల ట్యూబ్ రోజుకోసారి రాస్తే నెలన్నర లోపే అయిపోవాలి, ఆరు నెలలొచ్చిందంటే నువ్వు రాసుకోవట్లేదు, చూపించుకుంటున్నావ్. బయట ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ, ఆఫీస్ లోపలే కూర్చుంటే పొద్దున బయల్దేరే పావుగంట ముందు ఒకసారి, సాయంత్రం ఇంకా ఎండ ఉండగా బయటపడితే ఇంకోసారి. జింక్ ఆక్సైడ్ ఎక్కువున్నవి మన రంగు మీద బూడిద పూసినట్టు కనపడతాయి, అది నచ్చకపోతే జెల్ రకం తీసుకో. ఇంతా చేసి స్కూటీ మీద చున్నీ కట్టుకోవడం మానొద్దు. మన ఊళ్లలో ఆడపిల్లలు కళ్లు మాత్రమే కనపడేలా చున్నీ చుట్టుకుని వెళ్తుంటే వెక్కిరిస్తారు గానీ ట్యూబ్‌తో పాటు అది కూడా ఎండకి మంచి అడ్డమే, రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండకి మరీనూ. కాకపోతే ఆ చున్నీ ఉతుకు తల్లీ, వారం రోజుల చెమట అదే మొహానికి చుట్టుకుంటే నుదుటి మీద పొక్కులు రాక ఏమొస్తాయి.

నుదుటి పొక్కులంటే గుర్తొచ్చింది, రాత్రి తలకి నూనె పెట్టుకుని పడుకుంటున్నావా? చాలామందికి ఆ చిన్న చిన్న పొక్కులు తల నూనె జారి దిగినవే. నూనె పెట్టుకుంటే తలస్నానానికి గంట ముందు పెట్టుకో, రాత్రంతా వద్దు, దిండు గలీబు వారానికోసారి మార్చు. చుండ్రు ఉంటే అది డాక్టర్‌కి చెప్పు.

అమ్మ శనగపిండి విషయం. అమ్మతో దీని మీద యుద్ధం పెట్టుకోవద్దు, ఆవిడ చెప్పేది నలుగు, పండక్కి నూనె రాసి సున్నిపిండితో రుద్ది కుంకుడుకాయ రసంతో తలంటి పోస్తే కళ్లు మండి ఏడ్చినా సాయంత్రానికి ఒళ్లు ఎంత హాయిగా ఉండేదో నాకూ తెలుసు. ఒంటికి సున్నిపిండి బ్రహ్మాండంగా వాడుకో. మొహం మీద మొటిమలుండగా మాత్రం పిండి పెట్టి రుద్దకూడదు, పొక్కు చిదిగి మచ్చ పడుతుంది. పసుపు కొందరికి పడదు, దురద ఎర్రబడటం వస్తుంది. ఇక ఎవరైనా దాన్లో నిమ్మరసం పిండమంటే ఆ గిన్నె అక్కడే పెట్టి లేచిపో. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే అందులో ఉండే పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, గీతలు గీతలుగా నల్ల మచ్చలు పడతాయి, కౌంటర్ దగ్గర ఎన్ని మొహాలు చూశానో. మొటిమ మీద టూత్‌పేస్ట్ కూడా అదే బాపతు. అమ్మకి ఫోన్ చేసి "ఒంటికి నీ పిండి, మొహానికి డాక్టర్ చెప్పింది" అను, ఆవిడ ఒప్పుకుంటుంది, డాక్టర్ అన్న మాటకి మన అమ్మల దగ్గర విలువెక్కువ.

పెళ్లి రెండు నెలల్లో అన్నావ్, ఆ టైం సరిపోతుంది. చర్మం పైపొర కింద నుంచి కొత్తగా రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, కాబట్టి ఏం చేసినా పది రోజుల్లో తేల్చెయ్యకు, ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడాలి. నెలన్నర తర్వాత మంట, ఎరుపు అన్నీ తగ్గి మొహం నెమ్మదించాక, డాక్టర్ సరేనంటే లోపల పెట్టిన వాటిల్లోంచి ఒక్కటి, ఒకే ఒక్కటి బయటికి తియ్యి. నేనైతే నియాసినమైడ్ తీస్తా, జిడ్డుకీ మచ్చలకీ రెండిటికీ నెమ్మదిగా పనిచేస్తుంది, గొడవ తక్కువ. ముందు చెవి వెనక రెండు మూడు రోజులు రాసి చూసుకో, తర్వాత మొహానికి, ఇంకోటి కలపడానికి ఇంకో నెల ఆగు. నాలుగూ ఒకేసారి మొదలుపెడితే ఏది పడలేదో ఎలా తెలుస్తుంది, కూరలో నాలుగు కొత్త పొడులు ఒకేసారి వేసి చేదొచ్చిందంటే దేన్ని తిడతాం. విటమిన్ సి సీసా చూస్తూ ఉండు, ముదురు టీ రంగుకి తిరిగిందంటే అది పోయినట్టే. టోనర్ ఉన్నా లేకపోయినా ఒకటే. పెళ్లికి ముందు వారంలో మాత్రం కొత్త ఫేషియల్, బ్లీచ్ లాంటివి పెట్టుకోకు, పెళ్లికూతుళ్లే హల్దీ రోజు మొహం ఎర్రగా కందిపోయి మా షాపుకి పరిగెత్తుకొచ్చేవాళ్లు.

తెల్లబడతానా అనడిగావ్. లేదు. ఎండకి నల్లబడినంత మేర తేరుకుంటావ్, మచ్చలు పల్చబడతాయి, అంతకు మించి ఏ క్రీమూ క్షేమంగా చెయ్యదు. నీ అసలు రంగు ఏదో చూడాలంటే మోచేతికి పైన చేతి లోపలి వైపు చూసుకో, మొహం ఎంత తేరుకున్నా అక్కడి దాకానే. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది, మన పెళ్లిళ్లలో పిన్నులూ అత్తలూ మాత్రం ఇంకా పాత పేరు మీదే ఉన్నారు. "ఏంటే ఇలా నల్లబడ్డావ్" అని ఎవరో ఒకరు అంటారు, పప్పన్నంలో నెయ్యి వేయించుకుని ముందుకి కదులు.

ఒక రెండు ముక్కలు డాక్టర్ దగ్గర మర్చిపోకుండా చెప్పు. నెలసరి సరిగ్గా రాకపోవడం, గడ్డం కింద వెంట్రుకలు, దవడ వెంట లోతుగా నొప్పిగా ఉండే మొటిమలు, ఇవి కలిసి ఉంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఏమో చూస్తారు, దానికి పైపూత ఒక్కటే సరిపోదు. మెడ వెనక నల్లగా మందంగా ముఖమల్ గుడ్డలా ఉంటే అది మట్టి కాదు, పీచుతో రుద్దకు, షుగర్ వైపు వెళ్తున్న గుర్తు కావచ్చు, రక్త పరీక్ష రాస్తారు. నువ్వు రాయలేదు గానీ అడగడం నా అలవాటు. ఇంకా, ఎప్పుడైనా డాక్టర్ రెటినాల్ గానీ ట్రెటినాయిన్ గానీ, అంటే విటమిన్ ఎ రకం పూతలు, రాసిస్తే అవి గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు, పెళ్లయ్యాక ఈ మాట గుర్తుపెట్టుకో.

ఆ సంతకం కూడా మార్చు, వచ్చే ఉత్తరంలో జిడ్డు మొహం అని పెడితే జవాబివ్వను. అందులో ఆ ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో ఏముందో రాయి. ముందు మీ రూమ్మేట్‌ని కూచోబెట్టి ఇది చదివించు, నీకు ఇవ్వడానికి తన దగ్గర అది సిద్ధంగా ఉందంటే తను ఎన్నాళ్ల నుంచి రాసుకుంటోందో నువ్వు చెప్పనేలేదు.